ఇరవై సీసాలు చెప్పని సంగతి

అందరికీ నమస్కారం. మందుల తయారీలోకి రాబోతున్నవాళ్లూ, రాత్రి షిఫ్టు చేసి నేరుగా వచ్చినవాళ్లూ కూడా ఇక్కడ ఉన్నారని తెలుసు. క్వాలిటీ అస్యూరెన్స్ సాధనాల గురించి మాట్లాడమన్నారు. వాటి పేర్లూ నిర్వచనాలూ మీ పుస్తకాల్లో ఉన్నాయి, నేను మళ్లీ చదవను. ముందు ఒక చిన్న లెక్క వేద్దాం.

నరంలోకి ఎక్కించే ద్రావణం సీసాల బ్యాచ్ ఒకటి తయారైంది. అందులో నూటికి ఒక సీసాలో సూక్ష్మజీవులు ఉన్నాయి. ఆ సంగతి మనకు తెలియదు. సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే స్టెరిలిటీ టెస్టుకు 20 సీసాలు తీశాం. ఆ ఇరవైలో చెడ్డ సీసా ఒక్కటైనా పడితేనే బండారం బయటపడుతుంది. ఒక్కటీ పడకుండా పోయే అవకాశం ఎంత? 0.99ని ఇరవై సార్లు హెచ్చవేయండి. సుమారు 0.82 వస్తుంది. అంటే ఇలాంటి బ్యాచ్‌లు వంద వస్తే 82 దర్జాగా పాసైపోతాయి. నూటికి అయిదు సీసాలు చెడిపోయినా సరే, మూడో వంతుకు పైగా బ్యాచ్‌లు టెస్టు దాటేస్తాయి. ఇందులో ల్యాబ్ తప్పేమీ లేదు. సూక్ష్మజీవులను పెంచి చూసే మీడియా బాగుంది, ఇంక్యుబేటర్ సరిగ్గా పనిచేసింది, అనలిస్ట్ చెయ్యి శుభ్రంగా ఉంది. అయినా ఆ బ్యాచ్ బయటికి వెళ్లిపోయింది.

ఇంకా ఎక్కువ సీసాలు తీయొచ్చు కదా అంటారు. తీయొచ్చు. కానీ టెస్టుకు తెరిచిన సీసా రోగికి పనికిరాదు. అన్నీ తెరిచి చూస్తే చివరికి మన చేతిలో మిగిలేది రిపోర్టు ఒక్కటే.

ఇది ఊరికే వేసిన లెక్క కాదు. 1972లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నగరంలో, డెవన్‌పోర్ట్ ఆసుపత్రి విభాగంలో డెక్స్‌ట్రోజ్ ద్రావణం ఎక్కించిన రోగుల్లో కొందరు చనిపోయారు. ఆ సీసాలు అంతకు ముందు ఏడాది, 1971 ఏప్రిల్‌లో తయారైనవి. ప్రభుత్వం వేసిన క్లాథియర్ కమిటీ తవ్వి చూస్తే తేలింది ఇదీ: సీసాలను ఆవిరితో ఉడికించి సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్‌లోంచి గాలి పూర్తిగా బయటికి పోలేదు. గాలి చిక్కుకుపోయిన చోటికి ఆవిరి చేరదు, ఆవిరి చేరని చోట వేడి చాలదు. పై అరల్లో సీసాలు బాగానే ఉడికాయి, కింది అరల్లోవి ఉడకలేదు. టెస్టుకు వెళ్లిన సీసాలు పాసయ్యాయి. నన్ను ఎక్కువగా వెంటాడే సంగతి మరొకటుంది. కింద ఉన్న టెంపరేచర్ రికార్డర్ వేడి చేరలేదనే చూపించింది. పనిచేస్తున్నవాళ్లు రికార్డరే పాడైపోయిందనుకున్నారు. వేరే డయల్ సరిగ్గా చూపిస్తోంది కదా అని లోడ్ వదిలేశారు.

ఆ దశాబ్దంలోనే వాలిడేషన్ అనే మాట మన రంగంలో బలపడింది. ఆటోక్లేవ్‌లో ఒక చోట ధర్మామీటరు పెట్టి సరిపెట్టుకోకుండా అరఅరకీ వేడిని కొలిచే థర్మోకపుల్స్ పెట్టి, అన్నిటికంటే చల్లగా ఉండే మూల ఎక్కడో వెతకడం. లోడ్ ఎలా పేర్చాలో ఖాయం చేసి, ఫలితం మళ్లీ మళ్లీ అలాగే వస్తోందని నిరూపించడం. ఈ పద్ధతిలో, ఒక సీసాలో సూక్ష్మజీవి బతికి ఉండే అవకాశం పది లక్షల్లో ఒకటికి మించదని చూపించగలం. అంత చిన్న అవకాశాన్ని 20 సీసాల టెస్టు ఎప్పటికీ చూపించలేదు.

ఇక, కొలతలను వరుసగా చుక్కలు పెట్టి చూసే కంట్రోల్ చార్ట్. 1924లో, టెలిఫోన్ పరికరాల పరిశ్రమలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ మొదట గీసిన బొమ్మ ఇది. వందేళ్లు దాటినా నాకు ఇంతకంటే ఇష్టమైన సాధనం లేదు. 500 మిల్లీగ్రాముల బరువుండే టాబ్లెట్ ఒకటి తీసుకోండి. బరువు 475 నుంచి 525 మధ్య ఉంటే చాలు. అరగంటకోసారి తూచిన సగటులు ఇలా వచ్చాయి: 499, 498, 497, 496, 495, 494, 492, 490. అన్నీ పాసే. ఇన్‌ప్రాసెస్ షీటులో ప్రతిదాని పక్కనా సంతకం పడుతుంది. కానీ వీటిని చుక్కలుగా పెట్టి చూడండి, గీత మెట్లు దిగినట్టు కిందికి పోతోంది. ఇలా వరుసగా ఎనిమిది చుక్కలు సగటుకు ఒకే వైపు పడితే ఆగి చూడమని ఒక పాత నియమం ఉంది. దాని వెనక పెద్ద గణితమేమీ లేదు. నాణెం ఎనిమిది సార్లు ఎగరేస్తే ఎనిమిదిసార్లూ బొమ్మే పడటానికి 256లో ఒక అవకాశం. అది యాదృచ్ఛికం అనుకోవడం కంటే ఏదో జరుగుతోందని అనుమానించడమే నయం.

ఇక్కడ ఒక చురక వేయక తప్పదు. స్పెసిఫికేషన్ అంటే మందుకు మనం పెట్టిన హద్దు. కంట్రోల్ లిమిట్ అంటే ప్రాసెస్ మామూలుగా ఎంత ఊగుతుందో దాని పాత లెక్కల నుంచే తీసినది, సగటుకు అటూ ఇటూ మూడు సిగ్మాలు (సిగ్మా అంటే ఆ ఊగిసలాటకు కొలత). చాలా చోట్ల స్పెసిఫికేషన్ గీతలే గీసి దానికి కంట్రోల్ చార్ట్ అని పేరు పెట్టేస్తారు. చార్ట్ ఉంటుంది, కంట్రోల్ ఉండదు.

నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఈ బరువు గొడవే వచ్చింది. బ్యాచ్ చివరికొచ్చేసరికి బరువు తగ్గేది. మొదటిసారి డీవియేషన్, అంటే పని పద్ధతి తప్పిందన్న రిపోర్టు, రాశాం. రూట్ కాజ్ (మూలకారణం): ఆపరేటర్ మెషిన్ సరిచేయలేదు, హ్యూమన్ ఎర్రర్. కాపా, అంటే దిద్దుబాటు చర్య: మళ్లీ ట్రైనింగ్. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఆ ఆపరేటర్‌కు ఒకే ఎస్ఓపీ (పని ఎలా చేయాలో రాసిన పత్రం) మీద మూడుసార్లు పాఠం చెప్పాం. పాపం, అతనికి మాకంటే బాగా వచ్చు ఆ ఎస్ఓపీ. నాలుగోసారి ఎవరో మూడు బ్యాచ్‌ల చుక్కలూ ఒకే కాగితం మీద వేశారు. షిఫ్టులు వేరు, గీత వంగిన చోటు మాత్రం ఒకటే. పొడి పోసే తొట్టి, అంటే హాపర్‌లో పొడి మట్టం సగానికంటే కిందికి వచ్చినప్పుడల్లా టాబ్లెట్ అచ్చు అయిన డైలోకి పొడి సరిగ్గా దిగడం లేదు. హాపర్ ఫలానా గీత దాటి ఖాళీ కాకూడదని నియమం పెట్టాం. సమస్య పోయింది.

ఆ ఆపరేటర్‌కు క్షమాపణ ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

అందుకే, కారణాలు వెతకడానికి జపాన్ నిపుణుడు ఇషికావా గీసిన చేపముల్లు చిత్రంలో మనిషి ఒక ముల్లు మాత్రమే. మెషిన్, మెటీరియల్, పద్ధతి, కొలత, పరిసరాలు అనే మిగతా ముళ్లు కూడా ఉన్నాయి. మీటింగ్‌లో అన్నిటికంటే ముందు మనిషి ముల్లు నిండిపోతోందంటే, డీవియేషన్ మూసేయాల్సిన 30 రోజుల గడువు దగ్గరపడిందని అర్థం. ఎందుకు, ఎందుకు అని అయిదుసార్లు అడిగే పద్ధతికీ ఇదే జబ్బు. రెండో ‘ఎందుకు’కి మనిషి పేరు వచ్చిందంటే అక్కడితో ఆపేస్తారు.

ఎఫ్ఎంఈఏ (ఫెయిల్యూర్ మోడ్ అండ్ ఎఫెక్ట్స్ అనాలిసిస్) గురించి కూడా చెప్పాలి. ఏది ఎలా చెడిపోవచ్చో ముందే ఊహించి, తీవ్రత, ఎంత తరచుగా జరుగుతుంది, జరిగితే కనిపెట్టగలమా అనే మూడింటికి అంకెలు వేసి హెచ్చవేస్తాం. ఆలోచన అద్భుతం. చిక్కు ఆ లబ్ధంతో. వంద దాటితే చర్య తీసుకోవాలని ఎస్ఓపీలో రాసుకున్నాక, మీటింగ్‌లో తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు, మూళ్లు నూట ఎనిమిది అని వస్తుంది. ఒక నిమిషం నిశ్శబ్దం. తర్వాత ఎవరో, "కనిపెట్టడం మనకు తేలికే కదండీ, మూడు ఎందుకు, రెండు వేద్దాం" అంటారు. 72. అందరూ టీకి లేస్తారు. ఇంకో చిక్కు చూడండి. తీవ్రత పది ఉన్న ప్రమాదం అరుదుగా జరిగేదైతే మొత్తం ముప్పై దగ్గర ఆగి, పట్టికలో అడుగున పడిపోతుంది. రోగి ప్రాణం తీసేది అదే కావచ్చు. అందుకని నేను లబ్ధం కంటే ముందు తీవ్రత నిలువు వరుస ఒక్కటే చదువుతాను.

తయారీలో ఏ మార్పు చేసినా ముందే పరిశీలించి అనుమతించే చేంజ్ కంట్రోల్‌ను చాలామంది సంతకాల తంతు అనుకుంటారు. 2018లో వల్సార్టన్ అనే రక్తపోటు మందును ఎన్నో దేశాల్లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. క్యాన్సర్ కారకం కావచ్చని భావించే ఎన్‌డీఎంఏ అనే రసాయనం అందులో దొరికింది. మూలం వెతికితే 2012లో ముడిమందు తయారీలో చేసిన మార్పు దగ్గర తేలింది. కొత్త పద్ధతిలో డైమిథైల్ ఫార్మమైడ్ అనే సాల్వెంట్ (కరిగించే ద్రవం) వాడారు, మిగిలిపోయిన అజైడ్ అనే రసాయనాన్ని పోగొట్టడానికి సోడియం నైట్రైట్ వాడారు. ఆ సాల్వెంట్ కొంత విడిపోయి డైమిథైల్ అమీన్ వస్తుంది, అది నైట్రైట్‌తో కలిస్తే ఎన్‌డీఎంఏ. ఏళ్ల తరబడి బ్యాచ్‌లన్నీ పాసయ్యాయి, ఎందుకంటే ఏ టెస్టూ దానికోసం వెతకలేదు. చేంజ్ కంట్రోల్ ఫారంలో "నాణ్యతపై ప్రభావం" అనే గడి ఉంటుంది కదా. అందులో "లేదు" అని రాసే ముందు, కెమిస్ట్రీ తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక మధ్యాహ్నం ఖర్చు పెట్టండి.

రికార్డుల గురించి ఒక్క ముక్క. పని జరిగినప్పుడే, చేసినవాళ్లే రాయాలి, కొట్టివేసినా కింది అంకె కనపడాలి. ఆడిట్ టెన్షన్‌లో ముందురోజు రాత్రి కూర్చుని నింపిన లాగ్‌బుక్‌ను నేను చూడగానే పోల్చుకుంటాను. నెలంతా ఒకే పెన్ను, ఒకే వాలు.

ప్రశ్నలకు వెళ్లే ముందు నాదొక ప్రశ్న. డెవన్‌పోర్ట్ సీసాలు ఉడికిన ఆ రోజు ఆటోక్లేవ్ దగ్గర మీరే ఉన్నారనుకోండి. రికార్డర్ ముల్లు పైకి లేవలేదు, డయల్ మాత్రం సరిగ్గా చూపిస్తోంది, రికార్డర్ ఇంతకు ముందు కూడా మొరాయించింది, తర్వాతి లోడ్ తలుపు బయట నిలబడి ఉంది. రెండు కొలతలు పొసగనప్పుడు దేన్ని నమ్మాలో, ఎవరిని పిలవాలో మీ ఎస్ఓపీలో ఏ పేజీలో రాసి ఉంది? షిఫ్టుకు వెళ్లాక తీసి చూడండి. ఆ పేజీ లేకపోతే, ఒక చేంజ్ కంట్రోల్ ఫారం తీసుకోండి.