దురద లేని మచ్చ

శ్రోతలకు నమస్కారం.

ఒంటిమీద ఏదైనా లేచి దురద పెడితే మనం ఊరుకోం. కొబ్బరినూనె రాస్తాం, మందుల షాపులో ట్యూబు కొంటాం, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్తాం. దురద లేకపోతే మాత్రం "అదే పోతుందిలే" అని వదిలేస్తాం. చర్మవ్యాధుల డాక్టరుగా నాకు ఎక్కువ భయం ఈ రెండో రకంతోనే.

ఒక వానాకాలం, నాలుగు రోజులు జ్వరపడ్డ కొడుకుని తీసుకుని ఒక తల్లి వచ్చింది. "జ్వరం దిగిందండీ, కాళ్ళమీద దోమలు కుట్టాయి, అవి చూపిద్దామని" అంది. చూస్తే ఆవగింజంత ఎర్ర చుక్కలు. దోమ కుడితే చర్మం ఉబ్బుతుంది, పిల్లాడు గోకుతూనే ఉంటాడు. వీడు గోకడం లేదు. టేబుల్ మీదున్న గాజుగ్లాసు తీసుకుని, దాని పక్కభాగాన్ని ఆ చుక్కల మీద ఆనించి నొక్కాను. మామూలు దద్దురైతే అలా నొక్కగానే నాళాల్లో రక్తం పక్కకి జరిగి రంగు పోతుంది. ఆ చుక్కలు మాత్రం గ్లాసులోంచి అలాగే కనపడుతున్నాయి. రక్తం నాళాలు దాటి చర్మంలోకి వచ్చేసిందన్నమాట. పరీక్ష చేయిస్తే డెంగీ, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి.

డెంగీలో జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజులే అసలు గండం. ఆ సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ గ్లాసు పరీక్ష ఇంట్లోనూ చేసుకోవచ్చు. స్టీలు గ్లాసుతో కాదండోయ్! మన ఛాయకి ఎరుపు సరిగా కనపడదు కాబట్టి అరచేతులు, అరికాళ్ళు, కింది కనురెప్ప లోపల కూడా చూడండి. జ్వరంతో పాటు నొక్కినా పోని మచ్చలుండి, మెడ బిగుసుకుపోయి, వెలుతురు చూడలేకపోతుంటే అది మెదడు పొరలకు సోకిన మెనింజైటిస్ కావచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు. అలాగని గ్లాసు కింద రంగు పోయిందని ధీమా పడకండి. మనిషి నీరసించిపోతుంటే మచ్చ ఎలా ఉన్నా చూపించాల్సిందే.

పొలాల్లో, పొదల్లో తిరిగేవాళ్ళకి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. మైట్ అనే సన్నటి పురుగు జాతికి చెందిన, కంటికి ఆనని పిల్లపురుగు కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. దురదా నొప్పీ లేకపోవడంతో అది ఉన్నట్టే తెలియదు. పైగా చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, మొలతాడు కింద ఉంటుంది. మొహమాటంతో ఎవరూ చూపించరు, తొందరలో మేమూ చూడం. తప్పు ఇద్దరిదీ. కనిపెడితే డాక్సీసైక్లిన్ అనే పాత, చవక మందుతో చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. పెచ్చు అందరిలో కనిపించదు కాబట్టి, జ్వరం ఐదు రోజులు దాటితే పొలం పనికి వెళ్ళిన సంగతి డాక్టరుకి మీరే చెప్పండి.

పాలిపోయిన మచ్చ మీద వేడి గిన్నె తగిలినా తెలియకపోతే కుష్ఠు పరీక్ష చేయించుకోండి. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది.

కొత్త మాత్రల సంగతీ చెప్పాలి. ఫిట్స్‌కి, గౌట్ అనే కీళ్ళవాపుకి ఇచ్చే కొన్ని మందులు, సల్ఫా మందులు మొదలుపెట్టిన నెలలోపు చర్మం మండుతూ, నోట్లో పుళ్ళు పడి, కళ్ళు ఎర్రబడితే తర్వాతి మాత్ర వేసుకోకుండా, ఆ స్ట్రిప్పు చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. "తెల్ల మాత్రండీ, గుండ్రంగా ఉంటుంది" అంటే మాకేమీ తెలియదు.

ఇంతసేపూ దురదని తేలిగ్గా మాట్లాడాను గానీ, ఒక్కచోట మాత్రం దాన్ని నమ్మాలి. ఏదో తిన్నాకో, ఇంజక్షన్ చేశాకో, తేనెటీగ కుట్టాకో ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, గొంతు పట్టేసినట్టు ఉంటే ట్యూబు కోసం వెతక్కండి. 108కి ఫోన్ చేయండి.

నమస్కారం.