మోలియేర్ గారికి కార్నర్ ప్లాటు

నమస్కారం. విజయనగరం కోట ముందు నిలబడి మాట్లాడుతున్నాను. వెనక ఆటోల మోత వినిపిస్తుంది, సర్దుకోండి.

పారిస్ వెళ్లినవాళ్లు పెర్ లాషేజ్ శ్మశానంలో ఆస్కార్ వైల్డ్ సమాధి పక్కన ఫొటో దిగుతారు. దాని కింద ఒక మాట తప్పకుండా రాస్తారు: "రచయితలంటే వాళ్లకెంత గౌరవమో చూడండి, మన గురజాడకు సమాధి కూడా లేదు." ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఫొటో దిగితే దిగారు, ఆ శ్మశానం గౌరవంలోంచి పుట్టిందని ఎవరు చెప్పారు?

ఒక లేఅవుట్ ఊహించుకోండి. నెల్లిమర్ల దారిలో పొలాలు చదును చేసి, రాళ్లు పాతి, ఆర్చి కట్టారు. ఊరికి దూరమని ఎవరూ కొనడం లేదు. యజమాని ఏం చేస్తాడు? పేరున్న డాక్టరు గారికి కార్నర్ ప్లాటు ఇచ్చి, "ఆయనే ఇక్కడ ఇల్లు కడుతున్నారు" అని ఊరంతా చాటిస్తాడు.

(తెర మీద: పెర్ లాషేజ్ పాత చిత్రం)

పారిస్‌లో జరిగింది ఇదే. నడిబొడ్డున ఉన్న శ్మశానం ఎంత కిక్కిరిసిందంటే, 1780లో పక్క ఇంటి నేలమాళిగ గోడ కూలి శవాలు లోపలికి వచ్చి పడ్డాయి. చివరికి ఊళ్లో పూడ్చడం మాన్పించి, 1804లో ఊరి అవతల కొండ మీద పెర్ లాషేజ్ తెరిచారు. ఆ ఏడాది అక్కడ జరిగిన ఖననాలు 13. అంత దూరం ఎవరు పోతారు? 1817లో ఫ్రెంచి నాటకకర్త, నటుడు మోలియేర్, నీతికథల కవి లా ఫోంటేన్‌ల ఎముకలు తెచ్చి అక్కడ పెట్టారు. డాక్టరు గారు గృహప్రవేశం చేశారన్నమాట. ఆ తరువాత జనం ఎగబడ్డారు.

ఇక్కడ నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. 1673లో మోలియేర్ చనిపోయినప్పుడు, నటుడని చర్చి ఖననానికే ఒప్పుకోలేదు. రాజు కలగజేసుకున్నాక రాత్రిపూట ఆర్భాటం లేకుండా పూడ్చారు. 144 ఏళ్లు గడిచేసరికి ఆయనే బ్రోచరు మీద బొమ్మ! పైగా ఆ ఎముకలు ఆయనవేనా అని పండితులకు అనుమానం. డాక్టరు గారి పేరు చెప్పి కాంపౌండరును దించారేమో.

మీ ఫొటోలోని వైల్డ్ కూడా తరలి వచ్చినవాడే. 1900లో చనిపోతే వేరే చోట పూడ్చి, 1909లో ఇక్కడికి మార్చారు. సందర్శకులు లిప్‌స్టిక్ ముద్దులతో రాయిని పాడుచేస్తున్నారని 2011లో చుట్టూ అద్దం కట్టారు.

ఈ వెంచర్ చూసి లండన్‌లో ఒక కంపెనీ 1833లో కెన్సల్ గ్రీన్ అనే శ్మశానం తెరిచింది. అక్కడ డాక్టరు గారి పాత్ర రాజకుమారుడిది: 1843లో మూడో జార్జి కొడుకు ఒకాయనను పూడ్చాక గిరాకీ పెరిగింది. ఇంగ్లీషు నవలాకారులు థాకరే, ట్రోలప్ అక్కడే ఉన్నారు. మన సి.పి. బ్రౌన్ కూడా, 1884 నుంచి. లండన్ వెళ్తే ఆయన దగ్గర ఫొటో దిగండి, నేనేమీ అనను.

బ్రౌన్ అచ్చు వేయించిన వేమనకు కటారుపల్లిలో సమాధి ఉంది కదా అంటారు. ఉంది, యోగి అని. మన దగ్గర సమాధి చేసేది సన్యాసులకు, యోగులకు. తక్కిన చాలామందికి చితే. గొప్ప కవైనా అంతే. భీమిలి సమాధుల గురించి వ్యాఖ్యల్లో రాయకండి: అక్కడున్నది డచ్చి కంపెనీవాళ్లు, కవులు కారు.

సమయం అయిపోతోంది, త్వరగా చెప్పేస్తాను. 1915 నవంబరు 30న గురజాడ ఈ ఊళ్లోనే పోయారు. ఆయన ఇల్లు ఉంది, కోట దగ్గర ఎవరిని అడిగినా దారి చెబుతారు. కన్యాశుల్కం మొదట ఆడింది కూడా ఈ ఊళ్లోనే, 1892లో. ఆ ఫొటో కింద రాసేవాళ్లలో ఆ గడప తొక్కినవాళ్లు ఎందరో!

అక్కడ నుంచి శ్రీకాకుళం వెళ్లండి. కథకులు కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించిన కథానిలయం ఉంది, తెలుగు కథల గ్రంథాలయం. పేరున్నవాళ్లవే కాదు, ఒక్క కథ రాసి మాయమైనవాళ్లవి కూడా వెతికి దాచారు. కార్నర్ ప్లాట్ల గొడవ లేదు. రైల్లో వెళ్తే ఆమదాలవలసలో దిగి, బస్సో ఆటోనో పట్టుకోవాలి. తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోండి.