తోటలోకి ఏది: మచ్చుకత్తా, చేగొడ్డలా?

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు వస్తువులు పెట్టాను. ఒకటి మా నాయన వాడిన మచ్చుకత్తి. రెండోది నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చేగొడ్డలి. పోయిన నెల మీలో ఒకాయన ఫోన్ చేసి, "సార్, టెంట్ కొన్నాం, స్టవ్ కొన్నాం, ఇప్పుడు పెద్ద కత్తి కొనాలా, చిన్న గొడ్డలి కొనాలా?" అని అడిగారు. ఫోన్‌లో తేలే విషయం కాదని రెండూ సంచిలో వేసుకుని తిరుపతికి వచ్చాను. బస్సులో పక్కన కూర్చున్నాయన ఒకటి రెండుసార్లు సంచి వైపు చూశాడు లెండి.

ముందే ఒక మాట చెప్పాలి. శేషాచలం అడవిలోకి ఈ రెండింటిలో ఏదీ తీసుకుపోకూడదు. ఆ కొండల్లోని శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు 1989లో ఏర్పడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి వర్తిస్తుంది. ఆయుధం అంటే ఏమిటో చెప్పే చోట ఆ చట్టం తుపాకులు, విల్లంబులతో పాటు కత్తులను కూడా చేర్చింది. అనుమతి లేకుండా వాటితో లోపలికి అడుగు పెట్టకూడదు. పైగా అది ఎర్రచందనం పెరిగే కొండ. వీపున బ్యాగులో గొడ్డలి పెట్టుకుని చెక్‌పోస్టు దగ్గర "ట్రెక్కింగ్ సార్" అంటే నమ్మేదెవరు? కాబట్టి ఇప్పుడు నేను చెప్పేదంతా మన సొంత తోటల గురించి, పొలాల గురించి, అక్కడ చెట్టు కింద వంట చేసుకుని రాత్రి పడుకునే సరదా గురించి.

ఇక విషయానికి వస్తాను. గొడ్డలికి బరువంతా తలలో ఉంటుంది. అంచు చూడండి, నాలుగు వేళ్ళ వెడల్పు. వెనక్కి వచ్చే కొద్దీ మందం పెరుగుతుంది. అందుకే అది కట్టెలోకి దిగగానే రెండు వైపులా తోస్తుంది, చీలిక కొట్టినట్టు. ఎండిన చింతమొద్దు నిలబెట్టి నడినెత్తిన ఒక్క దెబ్బ వేస్తే ఫట్టుమని పగులుతుంది. అదే పని మచ్చుకత్తితో చేస్తే అది సగంలో ఇరుక్కుంటుంది. ఊపి లాగడానికే మన ఓపికంతా పోతుంది. చింత చేవ మీద బలంగా కొడితే అంచు పెచ్చు లేవడం కూడా చూశాను.

అదే గొడ్డలిని పచ్చి కంప మీద వాడి చూడండి. వేలు మందం రెమ్మలు దెబ్బకు వంగి పక్కకు పోతాయి గానీ తెగవు. కత్తికి అడుగు పొడవు పదును ఉంటుంది కాబట్టి రెమ్మ ఎక్కడ తగిలినా తెగుతుంది. గట్టు మీద సర్కారు కంప కొట్టాలన్నా, వెదురు నరకాలన్నా, కొబ్బరి మట్ట చీల్చాలన్నా, ఎండుకొమ్మల్ని పొయ్యికి సరిపడా ముక్కలు చేయాలన్నా కత్తే. మన తోటలో పది పనులుంటే ఏడెనిమిది ఇవే.

వేడి దేశాలను చూసినా ఇదే కనిపిస్తుంది. నేపాల్‌లో కుక్రీ, మలేషియాలో పరాంగ్, మధ్య అమెరికాలో మచెటీ, మనకు మచ్చుకత్తి. పచ్చటి, సన్నటి, ముళ్ళ మొక్కలున్న చోట మనిషి బరువైన కత్తి చేసుకున్నాడు. చలిదేశాల్లో, పైన్ అడవుల్లో, రాత్రంతా మంట లేకపోతే బతకలేని చోట గొడ్డలి పట్టుకున్నాడు. మనం వీడియోల్లో చూసే గొడ్డళ్ళన్నీ ఆ మంచులోవి. వాటిని చూసి ఇక్కడ మే నెలలో గొడ్డలి కొనడం నాకు కాస్త వింతగానే ఉంటుంది. నేనూ కొన్నాను, అది వేరే సంగతి.

ఆ కొన్న గొడ్డలితో జరిగిన కథ కూడా చెబుతాను. ఏడేళ్ళ కిందట మామిడి కోతలు అయిపోయాక తోటలో ఎండుకొమ్మ ఒకటి నరుకుతున్నాను, ఈ చేగొడ్డలితోనే. నిలబడి, కొమ్మను నేల మీద పెట్టి, కాళ్ళకు చెప్పులతో. కొమ్మ దొర్లింది, గొడ్డలి జారింది, వచ్చి ఎడమ కాలి ముంగాలి ఎముక మీద పడింది. ఆరు కుట్లు పడ్డాయి. తర్వాత ఆలోచిస్తే తప్పు అర్థమైంది. పొడుగు కామ, అంటే చెక్క పిడి, ఉన్న పెద్ద గొడ్డలి జారితే చాలాసార్లు ముందు నేలకు తగులుతుంది. చిన్న గొడ్డలి కామ మూరెడు కూడా ఉండదు. అది తిరిగే వృత్తం మన కాలి దగ్గరే ముగుస్తుంది. చిన్నది కదా, సురక్షితం అనుకుంటాం. నిజానికి దాన్ని మోకాళ్ళ మీద కూర్చుని, కింద మొద్దు పెట్టుకుని వాడాలి. అప్పుడు జారినా మొద్దుకో నేలకో తగులుతుంది. కత్తితోనూ ప్రమాదం ఉంది. చెమట చేతిలో పిడి తిరిగిపోతుంది, ఊపు మీద చేయి జారుతుంది. అందుకే పిడి చివర కొంచెం కిందికి వంగి ఉండాలి. మా నాయన కత్తికి ఆ వంపు ఉంది, చూడండి.

ఈ కత్తి ఎలా తయారైందో చిన్నప్పుడు కొలిమి దగ్గర కూర్చుని చూశాను. మా ఊరి కొలిమి తాత పాత లారీ కమాను పట్టీ ముక్క తెచ్చాడు. అది సిలికాన్, మాంగనీస్ కలిసిన ఉక్కు. వంగినా తిరిగి లేస్తుంది, అందుకే కత్తికి బాగా పనికొస్తుంది. సమ్మెటతో సాగదీసి, ఆకారం వచ్చాక మళ్ళీ చండ్రనిప్పులా ఎర్రగా కాల్చాడు. ఒక అయస్కాంతం ముక్క దగ్గర పెట్టాడు. అది పట్టుకోవడం మానేసింది. ఇనుము దాదాపు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అతుక్కోవడం మానేస్తుందని తర్వాత చదువుకున్నాను. ఆయనకు ఆ అంకె తెలియదు, ఆ సంగతి మాత్రం తెలుసు. ఇంకాస్త కాల్చి నూనెలో ముంచాడు. ఈ ఉక్కును నీళ్ళలో ముంచితే పగుళ్ళు వస్తాయని చెప్పాడు. నూనెలోంచి తీసినప్పుడు కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని సానరాయితో రుద్ది మెరిపించి, వీపు వైపు నుంచి సన్నటి సెగ చూపించాడు. ఉక్కు మీద రంగులు నడుచుకుంటూ వచ్చాయి, ముందు గోధుమరంగు, తర్వాత ఊదా, తర్వాత నెమలికంఠం. వీపు నెమలికంఠం రంగుకు తిరిగి, అంచు ఇంకా గోధుమరంగులో ఉన్నప్పుడు ఆపేశాడు. అంచు గట్టిగా ఉండాలి, వీపు మెత్తగా ఉండాలి, లేకపోతే విరుగుతుంది.

ఇప్పుడు దుకాణాల్లో నల్లరంగు పూసి, వీపు మీద రంపపు పళ్ళు పెట్టిన కత్తులు అమ్ముతున్నారు. ఆ పళ్ళు ఏమీ కోయవు. పైగా పెద్ద కట్టె చీల్చాల్సి వస్తే కత్తిని దాని మీద ఆనించి, వీపు మీద ఇంకో కట్టెతో కొడతాం కదా, పళ్ళుంటే కొట్టే కట్టె తురుము తురుమైపోతుంది. అలాంటివి కొనకండి. అంగుళంలో అయిదో వంతు మందం, అడుగు లోపు పొడవు, పిడి చివరిదాకా ఇనుము వెళ్ళి ఉండాలి. అంతే చూడండి.

గొడ్డలి కొనేవాళ్ళకు మన ఎండ గురించి ఒక హెచ్చరిక. ఏప్రిల్, మే నెలల్లో కామ ఎండి కుంచించుకుపోతుంది, తల వదులవుతుంది. ఊపగానే అది ఎగిరి ఎవరికి తగులుతుందో తెలియదు. చాలామంది తొట్టిలో నానబెడతారు. నానితే బిగుస్తుంది, ఆరితే మునుపటికంటే వదులవుతుంది. సరైన పని, తలలోంచి పైకి వచ్చే కామ కొసలో కొత్త చెక్క చీలిక దిగ్గొట్టడమే. వాడే ముందు ప్రతిసారీ తలకిందులుగా పట్టుకుని కామ అడుగున ఒకసారి తట్టండి. తల కదిలితే ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టండి.

మామిడి కొమ్మలు కత్తిరించడానికి మాత్రం ఈ రెండూ వద్దు. కత్తి దెబ్బకు బెరడు చీలుతుంది, ఆ గాయం త్వరగా మానదు. సొన కంట్లో పడితే అదో కష్టం. మడత రంపం వాడండి. నిజం చెప్పాలంటే మణికట్టు మందం కొమ్మ ఏదైనా రంపమే త్వరగా కోస్తుంది, ఎవరికీ దెబ్బ తగలదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్నట్టు, రంపంతో పోయేదానికి కత్తి ఎందుకు? అయితే రంపం పట్టుకుని ఫొటో దిగితే బాగుండదని మా అబ్బాయి అంటాడు. వాడితో వాదించలేకపోయాను.

నాకు ఒక్కటే కొనుక్కోమంటే మచ్చుకత్తి కొంటాను, పక్కన రంపం పెట్టుకుంటాను. ఇంట్లో కట్టెల పొయ్యి ఉండి, చింత, తుమ్మ మొద్దులు దండిగా ఉంటే గొడ్డలి తీసుకోండి, అయితే చేగొడ్డలి కాదు, పొడుగు కామది.

బయట వేపచెట్టు కింద పచ్చి వెదురు, ఎండు తుమ్మ కట్టెలు పెట్టించాను. ఒక్కొక్కరే వచ్చి రెండూ పట్టుకుని చూడండి. పట్టుకున్నవాళ్ళ దరిదాపుల్లో ఎవరూ నిలబడొద్దు. చెప్పులతో వచ్చినవాళ్ళు కత్తి వరకే, గొడ్డలి ముట్టుకోవద్దు.