చంటిపిల్లలతో మంచు ఊరికి వెళ్తున్నారా? ముందు ఇది వినండి

నమస్తే అండీ. చలికాలం సెలవులకి చిన్నపిల్లల్ని తీసుకుని కొండ మీద ఊరికి వెళ్దామనుకునేవాళ్లు ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న మాట, "అక్కడ పిల్లలతో ఏం చేయించాలి?" అని.

మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ పెద్ద ప్లానే వేసుకున్నాను. పొద్దున రోప్‌వే, తర్వాత స్కీయింగ్, మధ్యాహ్నం సరస్సు. పదకొండు దాటకముందే మా చిన్నది మంచులో కూలబడి ఏడుపు అందుకుంది. గదికి తిరిగొచ్చేశాం. అయితే మెట్ల దగ్గర మా పెద్దాడు ఆగిపోయాడు. వాడి నల్ల జాకెట్ చేతి మీద మంచు రేకులు పడుతున్నాయి. ఒక్కో రేకుకి ఆరు కొమ్మలు, స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఊపిరి తగిలితే కరిగిపోతాయని వాడు ఊపిరి బిగబట్టి మరీ చూస్తున్నాడు.

అప్పటినుంచి నేను చెప్పేది ఒకటే: పసిపిల్లలకి మంచే ఆట, వేరే ఆట వెతకక్కర్లేదు. ఒక భూతద్దం, ఒక నల్ల గుడ్డ బ్యాగులో పెట్టుకోండి. గుడ్డని కాసేపు బయట చల్లబడనిస్తే రేకులు త్వరగా కరగవు. అమెరికాలో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో మైక్రోస్కోప్‌కి కెమెరా బిగించి మంచు రేకుని ఫోటో తీశాడు. జీవితమంతా అదే పని మీద ఉండి, అయిదు వేలకు పైగా ఫోటోలు తీశాడు. పిల్లలకి ఈ కథ చెప్పి చూడండి, కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

ఇక మంచుబొమ్మ. చలి మరీ ఎక్కువుంటే మంచు పొడిపొడిగా ఉండి ముద్ద కట్టదు. సున్నా డిగ్రీల దగ్గర్లో ఉంటేనే కాస్త తడిగా ఉండి అంటుకుంటుంది. గుప్పెట్లో నొక్కి చూడండి, ఉండ అయితే బొమ్మ చేయొచ్చు. లేకపోతే చిన్న బకెట్, పార ఇచ్చేయండి. స్ప్రే బాటిల్లో రంగునీళ్లు ఇచ్చినా చాలు, మంచు మీద బొమ్మలేస్తూ కూర్చుంటారు.

స్లెడ్ అంటే మంచు మీద జారే చిన్న బండి, దాని మీద జారడం అంటే పిల్లలకి ప్రాణం. వాలు తక్కువగా ఉండాలి. కింద చెట్లు, రోడ్డు, చెరువు ఏవీ ఉండకూడదు. కాళ్లు ముందుకి చాపి కూర్చునే జారాలి, తల ముందుకి పెట్టి పడుకోనివ్వొద్దు. హెల్మెట్ తప్పనిసరి. మెడకి మఫ్లర్ మాత్రం వద్దు, ఎక్కడైనా చిక్కుకుంటే ప్రమాదం. గడ్డకట్టిన సరస్సు పైకి ఎంత గట్టిగా కనిపించినా, ఐసు అన్నిచోట్లా ఒకే మందం ఉండదు. ఒడ్డునే ఉండి చూపించండి.

స్కీయింగ్ నేర్పే చోట్ల చాలావరకు మూడు నాలుగేళ్ల నుంచే చేర్చుకుంటారు. నా మటుకు నేను తొందరపెట్టను.

ఇప్పుడు చలి సంగతి, దీని దగ్గర కాస్త ఆగుదాం. పిల్లల బరువుకి చర్మం ఎక్కువ, అందుకే మనకన్నా త్వరగా వేడి కోల్పోతారు. లోపల కాటన్ వేయకండి, చెమటకి తడిసి ఇంకా చలి పెడుతుంది. ఉన్ని గానీ సింథటిక్ గానీ వేయండి. వేళ్లన్నీ కలిపి ఉండే గ్లౌజులే వెచ్చగా ఉంటాయి. ఒంటికి తగిలించుకునే బేబీ క్యారియర్‌లో పసిబిడ్డని ఎత్తుకుంటే, నడిచే మీకు చెమట పడుతుంది, కదలని బిడ్డకి చలి పెడుతుంది. అది మనకి తట్టదు. మధ్యమధ్యలో వేళ్లు, ముక్కు తాకి చూడండి. తెల్లగా అయి స్పర్శ తెలియకపోతే వెంటనే లోపలికి తీసుకెళ్లి, వేళ్లయితే మీ చంకలో పెట్టి వెచ్చచేయండి. రుద్దొద్దు.

ఎండని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. కొత్తగా పడ్డ మంచు తన మీద పడే అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. కళ్లజోడు, సన్‌స్క్రీన్ ఉండాల్సిందే. ఊరు 2,500 మీటర్లు దాటిన ఎత్తులో ఉంటే మొదటిరోజు విశ్రాంతే. తలనొప్పి అని చంటిపిల్లలు చెప్పలేరు. తిండి మానేసి, చిరాకుపడి, వాంతి చేసుకుంటే ఇంకా పైకి ఎక్కించకండి, తగ్గకపోతే కిందికి దిగిపోండి, డాక్టర్‌కి చూపించండి.

కొండల మధ్య సూర్యుడు త్వరగా చాటుకెళ్లిపోతాడు, చలి ఒక్కసారిగా దిగుతుంది. పది తర్వాత బయల్దేరి, గంటసేపు ఆడించి, వెనక్కి తెచ్చేయండి.

రాత్రి మంచు పడితే మాత్రం పొద్దున్నే తలుపు తీసి అడుగుజాడలు వెతకండి. కుందేలు జాడలో పెద్ద పాదాల గుర్తులు ముందు, చిన్నవి వెనక కనిపిస్తాయి. గెంతేటప్పుడు వెనక కాళ్లు ముందు కాళ్లని దాటి పడతాయి మరి. మా చిన్నది అది చూసి గది చుట్టూ అలాగే గెంతింది.