పానా ఎక్కడ కింద పెట్టాలి

నమస్కారం. కారు పనుల్లో ఏవి మనం చేసుకోవచ్చో, ఏవి మెకానిక్‌కు వదలాలో వానలు మొదలవకముందే చెప్పుకుంటే మంచిదని సెల్లార్లోనే కుర్చీలు వేశారు. కాబట్టి సెల్లార్‌తోనే మొదలుపెడతాను.

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాలనీలకు కాలనీలు మునిగాయి, సెల్లార్లు చెరువులయ్యాయి. అలా మునిగిన కారులో ఇంజన్ చాలాసార్లు మర్నాడు పొద్దున పాడవుతుంది, "స్టార్టవుతుందేమో చూద్దాం" అని సెల్ఫ్ కొట్టినప్పుడు. ఎయిర్ ఫిల్టర్ దారిన సిలిండర్లోకి చేరిన నీళ్లు గాలిలా అణగవు. పైకొచ్చే పిస్టన్‌కు చోటు ఉండదు, కింద కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కొద్దిగా వంగితే మరీ మోసం. బండి నడుస్తూనే ఉంటుంది, కొన్నాళ్లకు రాడ్డు విరిగి ఇంజన్ బ్లాకును పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఇలా నీళ్లలో స్టార్ట్ చేయడంవల్ల వచ్చిన నష్టాన్ని మామూలు ఇన్సూరెన్స్ పాలసీ సాధారణంగా ఒప్పుకోదు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడాన్, అంటే అదనపు కవర్, విడిగా తీసుకోవాలి.

కాబట్టి మునిగిన కారు దగ్గర మీరు చేయాల్సింది చాలా తక్కువ. తాళం తిప్పకండి, బటన్ నొక్కకండి. నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో ఫొటోలు తీసుకోండి. నీళ్లు దిగాక బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, టోయింగ్ బండిని పిలవండి. ఎలక్ట్రిక్ కారైతే అసలు ముట్టుకోకుండా కంపెనీ సర్వీస్‌కు ఫోన్ చేయండి. మిగతాది మెకానిక్ చూసుకుంటాడు. పెట్రోల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గులు, డీజిల్‌కు గ్లో ప్లగ్గులో ఇంజెక్టర్లో విప్పి, ఇంధనం రాకుండా ఆపి, సిలిండర్లలోని నీటిని బయటికి తోస్తాడు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఇరానీ చాయ్ రంగులో కనిపిస్తే అందులో నీళ్లు కలిసినట్టే. ఆయిల్, ఫిల్టర్ మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాలి.

ఇక అసలు మాట. ఒక పని ఇంట్లో చేసుకోవచ్చా అంటే చాలామంది అది కష్టమా సులువా అని చూస్తారు. నా ఉద్దేశంలో చూడాల్సింది అది కాదు, చేసిన తప్పు ఎక్కడ బయటపడుతుందన్నది. వైపర్ బ్లేడు సరిగ్గా కూర్చోకపోతే ఇక్కడే ఊడుతుంది, మళ్లీ పెట్టుకుంటాం. బ్రేకు పైపులో గాలి మిగిలిపోతే అది ఔటర్ రింగ్ రోడ్డు మీద బయటపడుతుంది.

బ్రేకుల సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే వీడియో చూసి ఇంట్లో మొదలుపెట్టే పనుల్లో ఇది ముందుంటుంది. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాలి. రెండు బోల్టులు విప్పితే ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్ పైకి లేస్తుంది, పాత ప్యాడ్లు తీసి కొత్తవి పెట్టొచ్చు. చూడటానికి అంతే. కానీ కొత్త ప్యాడ్ మందంగా ఉంటుంది కాబట్టి క్యాలిపర్‌లో ఉండే పిస్టన్‌ను లోపలికి నొక్కాలి. పని అయ్యాక ఆ పిస్టన్ మళ్లీ ప్యాడ్‌ను ఆనేదాకా పెడల్‌ను పదేపదే తొక్కాలి. అది మరిచి బండి తీస్తే మొదటిసారి పెడల్ నేరుగా నేలకు దిగుతుంది. సెల్లార్ ర్యాంపు మీద అలా జరిగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. వెనక చక్రాలకు ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే ఆ పిస్టన్‌ను బలవంతంగా నొక్కకూడదు. కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మోటారు పోతుంది.

ఇంకో చిక్కు మన మాటలోనే ఉంది. అందరం "బ్రేక్ ఆయిల్" అంటాం, కానీ అది ఆయిల్ కాదు. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ జాతి ద్రవాలు. పేరు విని అందులో ఇంజన్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, పెడల్ తొక్కితే ద్రవాన్ని తోసే మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాల దాకా మార్చాల్సి వస్తుంది. ఈ ద్రవానికి గాల్లో తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు కాలినప్పుడు అది మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తబడుతుంది. అందుకే సుమారు రెండేళ్లకోసారి మార్చమంటారు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్ లోపల గాలి చిక్కుకుంటే ఒకరు పెడల్ తొక్కి, ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ విప్పే పాత పద్ధతి సరిపోదు. లోపలి వాల్వులను స్కానర్‌తో తెరిపిస్తేనే ఆ గాలి బయటికొస్తుంది.

ఎయిర్‌బ్యాగ్ విషయంలో ప్రమాదం హారన్ రూపంలో వస్తుంది. హారన్ మోగడం లేదు, మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది అంటే తరచుగా ఆ రెండింటికీ కరెంటు అందిస్తూ స్టీరింగ్ కింద తిరిగే క్లాక్ స్ప్రింగ్ అనే చుట్ట తీగ తెగి ఉంటుంది. హారనే కదా అని స్టీరింగ్ మధ్య మూత ఊడదీస్తే చేతిలోకి వచ్చేది మందుగుండుతో పనిచేసే ఎయిర్‌బ్యాగ్. సెకనులో ముప్పయ్యో వంతులో విచ్చుకుంటుంది. బ్యాటరీ తీసినా కంట్రోల్ యూనిట్ కెపాసిటర్లో కాసేపు కరెంటు నిలిచే ఉంటుంది. ఎంతసేపు ఆగాలన్నది కంపెనీ మాన్యువల్ చెబుతుంది. పసుపు కనెక్టర్లకు మల్టీమీటర్ పెట్టి చూడటం కూడా వద్దు, ఆ కొద్దిపాటి కరెంటుకే పేలొచ్చు. ఇంతలో ఒక మాట. పక్క ఎయిర్‌బ్యాగులున్న సీట్లకు మందపాటి రెక్సిన్ కవర్లు కుట్టించినవాళ్లు ఇక్కడ ఉంటే, ఆ పక్క కుట్టు ఎయిర్‌బ్యాగ్‌కు దారి వదిలిందో లేదో ఒకసారి చూసుకోండి.

ఏసీ. మే నెల వచ్చిందంటే "గ్యాస్ కొట్టించాలి" అంటాం. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు పట్టకుండా ప్రతి ఎండాకాలం నింపించుకుంటే గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా పోతుంది, చివరికి కంప్రెసర్ పట్టేస్తుంది. పద్ధతి ఏమిటంటే, లీకు మూసి, అరగంట వ్యాక్యూమ్ లాగి లోపలి తేమ తీసి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాములను కాటా మీద తూచి ఎక్కించడం. చిన్న కార్లకు అది దాదాపు 400 నుంచి 600 గ్రాములే. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే డబ్బాను పొరపాటున హైప్రెషర్ వైపు తగిలిస్తే డబ్బాయే పేలొచ్చు.

మిగతావి వేగంగా చెప్పేస్తాను. షాకబ్జర్ పైనట్టును స్ప్రింగ్ నొక్కి పట్టకుండా విప్పితే స్ప్రింగ్ తూటాలా లేస్తుంది. డీజిల్ కామన్‌రైల్ పైపుల్లో ఒత్తిడి 1,600 బార్లు దాటుతుంది, టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. లీకు ఎక్కడుందో చేత్తో తడిమితే డీజిల్ చర్మంలోకి సూదిలా దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, ఆలస్యమైతే వేలు పోవచ్చు. వాల్వులనూ పిస్టన్లనూ లయలో నడిపే టైమింగ్ బెల్ట్ తెగినా, కొన్ని పళ్లు తప్పినా చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగుతాయి. సీఎన్‌జీ సిలిండర్లో గ్యాస్ 200 బార్ల మీద ఉంటుంది, మూడేళ్లకోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్ట్ తప్పదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుల్ కనబడితే అది హై వోల్టేజ్‌ది, చేయి వెనక్కి తీసుకోండి. ఇక స్టెప్నీతో ఇచ్చే జాకీ చక్రం మార్చడానికే. దాని మీద నిలబెట్టి కారు కిందకి దూరొద్దు.

మరి మనకేం మిగిలింది? చాలానే ఉంది. ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, వైపర్లు, చేయి పట్టేచోట బల్బులు, అదే ఆంపియర్ల ఫ్యూజు, టైర్లలో గాలి, ఆయిల్ లెవెల్, ఇంజన్ చల్లారాక కూలెంట్. వేడి మీద రేడియేటర్ మూత తీయడమంటే విజిల్ వేస్తున్న కుక్కర్ మూత లాగడమే. సికింద్రాబాద్‌లో బండి విడిభాగాలు అమ్మే రాణిగంజ్ వెళ్లి ఈ సామాన్లు మీరే కొనుక్కోవచ్చు, డబ్బు మిగులుతుంది. బ్రేక్ ప్యాడ్లు మాత్రం చవగ్గా దొరికాయని కొనకండి.

పని మెకానిక్‌కు ఇచ్చినంత మాత్రాన అయిపోదు, షెడ్డుల్లోనూ తేడాలున్నాయి. ఏసీ పనికి వ్యాక్యూమ్ పంపు, కాటా ఉన్నాయా అడగండి. చక్రం నట్లు టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగిసిందో కొలిచే పానాతో, బిగిస్తున్నాడా చూడండి. స్కానర్ పెడితే లైటు ఆర్పేయకముందు లోపాన్ని చెప్పే కోడ్ ఏమిటో రాయించుకోండి. అంచనా కాగితం మీద తీసుకోండి, తీసేసిన పాత సామాను డిక్కీలో వేయమనండి.

బ్రేకు పని చేయించినప్పుడు షెడ్డులోనే, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపి ఉంచి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. గట్టిపడ్డాక దాని మీద కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా దిగి ఆగితే, ఇంజన్ వ్యాక్యూమ్‌తో మన కాలికి బలం కలిపే బూస్టర్ పనిచేస్తోంది. అసలు దిగకపోతే బూస్టర్ పాడైంది, లేదా దానికి వ్యాక్యూమ్ అందడం లేదు. ఆగకుండా మెల్లగా నేలదాకా జారుతూ పోతే ఎక్కడో లీకో, మాస్టర్ సిలిండర్ లోపమో ఉంది. బండి అక్కడే వదిలి ఆటోలో ఇంటికి రండి.