లైటు బిగించే ముందు పచ్చ తీగ సంగతి

శ్రోతలకు నమస్కారం.

పైకప్పుకు కొత్త లైటు బిగించుకోవడం ఇప్పుడు చాలామంది సొంతంగా చేసుకుంటున్న పని. తిరుపతిలో అద్దె ఇంట్లో దిగగానే పాత ట్యూబులైటు తీసేసి, ఇనుప చట్రం ఉన్న ఎల్‌ఈడీ లైటో, వేలాడే అలంకార దీపమో పెట్టుకునేవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. స్క్రూడ్రైవరు, టెస్టరు, టేపు, ఎక్కడానికి ఒక స్టూలు ఉంటే చాలనుకుంటారు. వాళ్లలో ఎక్కువమంది పట్టించుకోనిది ఎర్త్ తీగ, అంటే లోపం వచ్చి లైటు ఒంటికి కరెంటు తగిలితే దాన్ని నేలలోకి పంపే తీగ. ఈ పూట దాని గురించే చెప్పాలని వచ్చాను.

పాత లైటు విప్పాక పైనున్న జంక్షన్ పెట్టెలో ఏముంటుందో చూద్దాం. పాత వైరింగులో ఎరుపు ఫేజ్, అంటే కరెంటు తెచ్చే తీగ; నలుపు న్యూట్రల్, అంటే అది తిరిగి వెళ్లే తీగ. కొన్ని కొత్త వైరింగుల్లో గోధుమ రంగు ఫేజ్, లేత నీలం న్యూట్రల్. అయితే మూడు ఫేజుల పాత ఇళ్లలో నీలం తీగ కూడా ఫేజే కావచ్చు. కాబట్టి రంగును నమ్మి తీగ పట్టుకోకూడదు. ఆకుపచ్చది, లేదా పచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్త్. చాలా ఇళ్లలో ఆ పచ్చ తీగ కొసను కత్తిరించి, వెనక్కి మడిచి, పెట్టెలో ఓ మూలకు నొక్కేసి ఉంటారు. ముందున్న లైటు ప్లాస్టిక్‌ది కాబట్టి అప్పుడు దానితో పని పడలేదు. కొన్ని ఇళ్లలో ఆ తీగే ఉండదు, ఉన్నవి రెండే.

ఇప్పుడు కొత్త లైటు వెనక చూడండి. చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు. ఎర్త్ అక్కర్లేదు. లోహపు ఒళ్లుండి, ఎర్త్ గుర్తు పక్కన ఒక స్క్రూ ఉంటే మాత్రం ఎర్త్ ఇవ్వాల్సిందే. రెండు తీగలే ఉన్న చోట అలాంటి లైటు బిగించకండి. అది ఎంత అందంగా ఉన్నా సరే, దుకాణంలో మార్చుకుని రండి.

నిచ్చెన ఎక్కే ముందు కింద చేయాల్సిన పని ఒకటుంది. గోడ మీది స్విచ్ ఆపితే సరిపోదు. ఎవరైనా పొరపాటున ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌ను స్విచ్‌కు కలిపి ఉంటే, స్విచ్ ఆపినా హోల్డరులో ఫేజ్ ఉంటుంది. ఆపిన తర్వాత కూడా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతుంటే ఈ అనుమానం రావాలి. కనుక మెయిన్ ఆపాలి. అంతటితోనూ అయిపోలేదు, ఇన్వర్టర్ ఉంది. మన ఇళ్లలో ఇన్వర్టర్‌కు ముందుగా కలిపేవి లైట్లు, ఫ్యాన్లే. మెయిన్ పడగానే కరెంటు పోయిందని అది పని అందుకుంటుంది. మీరు చేయి పెట్టబోయే ఆ పాయింటుకే 230 వోల్టులు పంపిస్తుంది. అందుకే మెయిన్‌తోపాటు ఇన్వర్టర్‌నూ ఆపండి. కరెంటు కోత వేళ చూసుకుని లైటు విప్పేవాళ్లున్నారు. కరెంటు ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు, దయచేసి ఆ సాహసం వద్దు. మెయిన్ దగ్గర ఇంట్లో ఒకరిని నిలబెట్టండి. మిక్సీ తిరగడం లేదని ఎవరో వచ్చి మెయిన్ వేసేయడం జరుగుతూనే ఉంటుంది.

టెస్టరును ముందు కరెంటున్న ప్లగ్గులో పెట్టి అది పనిచేస్తోందని చూసుకుని, ఆ తర్వాతే మెయిన్ ఆపి పైన తీగలకు ఆనించండి. పచ్చ తీగకూ ఆనించండి. ఎండిన చెక్క స్టూలు మీద, రబ్బరు చెప్పులతో నిలబడితే టెస్టరు వెలుగు కంటికి ఆనకపోవచ్చు. అంకెల్లో కొలిచి చూపే మల్టీమీటరుతో వోల్టులు చూసుకోవడం మేలు.

ఇక ఎర్త్ పరీక్ష. హోల్డరుకు రెండు తీగలు కట్టిన బల్బును ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టి, వెలిగింది కాబట్టి ఎర్త్ బాగుందనే పద్ధతి మన దగ్గర చాలా ఉంది. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. ఎర్త్ తీగ మధ్యలో ఎక్కడో తెగి ఉంటే, ఆ బల్బు గుండా ఫేజ్ వెళ్లి, తెగిన చోటికి ఇవతల ఆ తీగకు కలిసిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గీజరు ఒంటి మీదకు చేరుతుంది. మీరు పడకగదిలో పరీక్షిస్తుంటే వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసిన మనిషికి షాక్ కొడుతుంది.

కరెంటు మొత్తం ఆపి చేసే పరీక్ష ఉంది. ఒక మూడు పిన్నుల ప్లగ్ తీసుకుని, అందులో పెద్ద పిన్ను ఒక్కదానికే పొడవైన తీగ బిగించండి. అది ఎర్త్ పిన్ను. ఆ ప్లగ్గును దగ్గరి సాకెట్టులో పెట్టి, తీగ రెండో కొసను లైటు పాయింటు దాకా తెచ్చుకోండి. మల్టీమీటరును ఓముల మీద పెట్టి, ఒక ముల్లు ఆ కొసకూ రెండోది పచ్చ తీగకూ ఆనించండి. రాగి తీగ బాగుంటే ఒక ఓము లోపే రావాలి. అంకె రాకపోయినా, పదుల్లో వచ్చినా తీగ ఎక్కడో తెగింది, లేదా జాయింటు వదులైంది. ఇంటికంతా కరెంటు పంచే డీబీ బోర్డు మూత మాత్రం మీరు విప్పకండి. మెయిన్ ఆపినా దానికి కరెంటు వచ్చే వైపు స్క్రూలలో కరెంటు ఉంటుంది.

ఈ పరీక్షతో తెలిసేది తీగ సంగతే, నేలలో ఎర్త్ సంగతి తెలియదు. లోపం వచ్చి ఫేజ్ లైటు ఒంటికి తగిలిందనుకుందాం. ఎర్త్ తీగ నేలలోకి దిగే గుంత నిరోధం, అంటే అది కరెంటుకు పెట్టే అడ్డు, 10 ఓములైతే 23 ఆంపియర్లు పారుతాయి. 6 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ, అంటే కరెంటు హద్దు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్, తక్షణం పడాలంటే 30 నుంచి 60 ఆంపియర్లు కావాలి, కాబట్టి 23కు కొన్ని సెకన్లు పట్టవచ్చు. గుంత ఎండి 50 ఓములకు చేరితే 4.6 ఆంపియర్లే పారుతాయి. ఎంసీబీ పడనే పడదు, లైటు ఒంట్లో కరెంటు అలాగే ఉంటుంది. అందుకే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కొంచెం లీకైనా సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించుకోమని గట్టిగా చెబుతాను. ఎర్త్ ఉంటే లోపం వచ్చిన క్షణంలోనే అది పడుతుంది. ఎర్త్ లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకుని షాక్ తిన్నాకే పడుతుంది. దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. అయితే ఆ బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీని మాత్రమే, ఎర్త్‌ను కాదు.

తిరుపతి, చిత్తూరు వైపు చాలాచోట్ల గరుసు నేల, కింద రాయి. మే నెల ఎండకు తేమ ఇంకిపోయి ఎర్త్ బలహీనమవుతుంది. పైగా పెరడంతా సిమెంటు చేసి గుంతను కప్పేసిన ఇళ్లు ఎన్నో. తెరిచి చూస్తే పైపుకు చుట్టిన రాగి తీగ చిలుము పట్టి, నట్టు తుప్పుతో వదులై ఉంటుంది. 2021 నవంబరులో పడినంతటి వానలకు స్లాబు చెమ్మగిల్లితే, ఆ నీరు పైపుల గుండా జంక్షన్ పెట్టెలోకి దిగుతుంది. లైటు ఒంటికి కరెంటు పాకే అవకాశం అప్పుడు ఎక్కువ.

బిగించేటప్పుడు పచ్చ తీగను ముందు కలపండి, విప్పేటప్పుడు అన్నిటి తర్వాత విప్పండి. గుంత నిరోధం కొలవడానికి ఎర్త్ టెస్టరు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అతను చెప్పిన అంకెను, తేదీతో సహా డీబీ బోర్డు తలుపు లోపలి వైపు రాయించుకోండి. వచ్చే మే నెలలో మళ్లీ కొలిపించి ఆ అంకెతో పోల్చి చూడండి.