ఎక్స్ కొట్టే ముందు

వేదిక మీది పెద్దలకు నమస్కారం. వెనక బెంచీల్లో సర్దుకుని కూర్చున్న పిల్లలకు ఇంకో నమస్కారం. క్యాడ్‌లో, అంటే కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే పనిలో, ఉద్యోగాల గురించి మాట్లాడమని పిలిచారు. ఆ సంగతి మీ ప్లేస్‌మెంట్ సారు నాకంటే బాగా చెప్తారు. నేను అట్రిబ్యూట్ గురించి, అంటే బొమ్మకి అంటిపెట్టుకుని ఉండే సమాచారపు గడి గురించి చెప్తాను.

మ్యాన్‌హోల్ చూపించాలంటే మీరేం చేస్తారు? సర్కిల్ గీసి పక్కన టెక్స్ట్ రాస్తారు. ఆ రెండింటికీ సంబంధం ఉందని కంప్యూటర్‌కి తెలియదు. సర్కిల్ జరిపితే నంబరు అక్కడే ఉండిపోతుంది. అదే ఏటీటీ అనే అట్రిబ్యూట్ కమాండ్ కొట్టి నంబరు, ఇన్వర్ట్ లెవెల్ అంటే పైపు లోపలి అడుగు మట్టం, లోతు అని గడులు పెట్టి, సర్కిల్‌తో కలిపి బ్లాక్, అంటే ఒకే ముద్దగా కదిలే బొమ్మ, చేయండి. పెట్టిన ప్రతిసారీ నంబరెంత, లెవెలెంత అని అదే అడుగుతుంది. జరిపితే అన్నీ వెంట వస్తాయి. డేటా ఎక్స్‌ట్రాక్షన్‌తో మొత్తం పట్టిక ఎక్సెల్‌లోకి దిగుతుంది. ఇన్విజిబుల్ పెడితే షీటు మీద కనపడదు, లోపల ఉంటుంది.

డైనమిక్ బ్లాకుల గురించి కూడా రాసుకొచ్చాను. అది పక్కన పెడతాను. నాకు ఇది చెప్పాలని ఉంది.

ఇరవై ఏళ్ల కిందట పాతబస్తీలో మురుగు లైను సర్వే చేశాం. నాలుగు వందల పైచిలుకు మ్యాన్‌హోళ్లు. మా చైన్‌మన్, అంటే సర్వేలో కొలతలు పట్టే మనిషి, మూత తీసి, గ్యాస్ పోయేదాకా దూరంగా నిలబడి, తర్వాత స్టాఫ్ అనే కొలతల కర్ర దించేవాడు. మూత అంచు దగ్గర కర్ర మీద బొటనవేలు ఆనించి, అలాగే పట్టుకుని పైకి లాగేవాడు. కింద జానెడు నల్లటి బురద. వేలు కదలకుండా, "రాస్కో సార్, రెండు పాయింట్ ఆరు సున్నా" అనేవాడు. అలా ఒక్కో అంకె నా బ్లాకుల్లోకి చేరింది.

ఫైలు ఇంకో ఆఫీసుకి వెళ్లింది. అక్కడెవరికో సర్కిళ్ల రంగు మార్చాల్సి వచ్చింది. మారలేదు. అన్నీ సెలెక్ట్ చేసి, ఎక్స్, ఎంటర్. ఎక్స్ అంటే బ్లాకుని ముక్కలు చేసే ఎక్స్‌ప్లోడ్ కమాండ్. బ్లాక్ పగిలితే అట్రిబ్యూట్‌లో నింపిన విలువ పోతుంది, గడి పేరు మాత్రం మిగులుతుంది. లెవెల్ ఉండాల్సిన ప్రతి చోటా "ఇన్వర్ట్", "ఇన్వర్ట్" అని ఒకటే మాట. సేవ్ కూడా చేసేశారు. మా పాత సీడీ తెరుచుకోలేదు. ఫీల్డ్ బుక్కులో సగం పేజీలు వానకి తడిసి అంటుకుపోయాయి.

తప్పు వాళ్లది ఒక్కరిదే కాదు బాబూ. లేయర్ అంటే డ్రాయింగులో ఒక పొర. బ్లాక్‌లోని సర్కిల్‌ని జీరో లేయర్‌లో, బైలేయర్ రంగుతో, అంటే పొర రంగే తీసుకునేలా, గీసి ఉంటే, లేయర్ రంగు మార్చగానే అదీ మారేది. నేను ఎరుపు బిగించి పెట్టాను. వాళ్లు పగలగొట్టారు.

మళ్లీ మే నెల ఎండలో వెళ్లాం. అదే మూత, అదే కర్ర, అదే బొటనవేలు. రెండో రోజు ఆయన అడిగాడు: "మొన్న చెప్పిన కద సార్, ఏడ రాసినవ్?"

నా దగ్గర జవాబు లేదు.

1908 మూసీ వరద తర్వాత లియోనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో తయారైన మన హైదరాబాద్ నగరం మ్యాపులు చూశారా? కాగితం మీద గీతనీ పక్కనున్న అక్షరాన్నీ ఏ కమాండూ విడదీయలేదు. మన ఫైల్లో విడదీయడానికి ఒక్క అక్షరం చాలు.

అందుకే అడుగుతున్నాను. బ్లాక్ చేసేటప్పుడు అలో ఎక్స్‌ప్లోడింగ్ దగ్గర టిక్ తీసేయండి. పగలగొట్టక తప్పకపోతే ఎక్స్ వద్దు, బరస్ట్ అనే కమాండ్ వాడండి. విలువలు మామూలు టెక్స్ట్‌గానైనా మిగులుతాయి. కానీ ముందు ఫైలు కాపీ తీసుకోండమ్మా, దయచేసి.

ఇప్పుడు సిస్టమ్‌లు ఆన్ చేయండి. జీరో లేయర్‌లో ఒక సర్కిల్ గీయండి. మొదటి గడి నంబరు. రెండోది ఇన్వర్ట్ లెవెల్. మూడో గడిలో కొలిచినవాళ్ల పేరు రాద్దాం.